రెండు వేళ్ళ ఎత్తు

పాక్సీ, బంగ్లాదేశ్
9 ఫిబ్రవరి 1997

అక్కా,

నీ తమ్ముడు దేశం దాటాడు. నవ్వకు. విమానంలో కాదు, ఆఫీసు జీపులో, సరిహద్దు దగ్గర రెండు గంటలు నిలబడి.

డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ గంగ నీళ్ళ పంపకం మీద ముప్ఫై ఏళ్ళకి ఒప్పందం రాసుకున్నాయని బావ రేడియోలో వినే ఉంటాడు. మనకి ఫరక్కా దగ్గర బ్యారేజీ ఉంది. అక్కణ్ణుంచి కిందికి ఎంత నీరు వదిలామో మనం చెబితే వాళ్ళు నమ్మరు. వాళ్ళకి ఎంత అందిందో వాళ్ళు చెబితే మనం నమ్మం. అందుకని వాళ్ళ మనుషులు మన ఫరక్కాలో కూర్చుంటున్నారు, మేం కొందరం వాళ్ళ దేశంలో ఈ హార్డింజ్ వంతెన కింద కూర్చుంటున్నాం. జనవరి నుంచి మే నెలాఖరు దాకా ఇదే పని. నీళ్ళలో పాతిన కొలబద్ద మీద అంకె నేను చదువుతాను. వాళ్ళ తరఫున ఇద్రిస్ మియా అనే పెద్దాయన చదువుతాడు. రెండూ ఒకటైతే ఒకే పుస్తకంలో ఇద్దరం సంతకం పెడతాం.

ఆయనకి మన ఊళ్ళ సంగతి చెప్పాను. ఎగువ రాచపాడు నేను పుట్టిన ఊరనీ, దిగువ రాచపాడు మా అక్క అత్తవారి ఊరనీ, రెండింటి పొలాలకీ ఒకటే గెడ్డ, కొండవాగు అనీ. వాటారాయి దగ్గర నీళ్ళు రెండు తూముల్లోకి సమంగా విడిపోతాయనీ. రాయి మా ఎగువవాళ్ళ పొలాల్లో ఉంది కాబట్టి కాపలాకి దిగువ మనిషే వచ్చి కూర్చుంటాడనీ, అతనికి మా ఊరివాళ్ళు ఇంటికో రోజు చొప్పున అన్నం పెడతారనీ. కాపలా కాసేవాడికి కాపలా పెట్టించుకునేవాడే వండి పెట్టడం ఆయనకి భలే నచ్చింది. మీ పెద్దలు మా ఇద్దరి మంత్రులకన్నా తెలివైనవాళ్ళు అన్నాడు. ఎందుకో నాకు సంతోషం వెయ్యలేదు.

బావ చినాన్న సింగన్న మావ కులాసాయేనా? ఇప్పటికీ ఆ రాయి మీదే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడా? ఉత్తరం ఫరక్కా ఆఫీసు అడ్రసుకి రాయి. వారానికోసారి జీపు తెచ్చి ఇస్తుంది.

బావకి నమస్కారాలు చెప్పు.
తాతాజీ

*

దిగువ రాచపాడు, నర్సీపట్నం మీదుగా
4 మార్చి 1997

చిరంజీవి తాతాజీకి అక్క నూకరత్నం దీవించి రాసేది.

ఫరక్కా అని అడ్రసు రాసిస్తే నర్సీపట్నం పోస్టాఫీసులో గుమస్తా మూడు సార్లు చదివించుకున్నాడు. మా తమ్ముడు గంగ నీళ్ళు కొలుస్తాడండీ అన్నాను. చెంబుతోనా అన్నాడు. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

నవ్వు అంతవరకే. ఇక్కడ నీళ్ళ సంగతి బాగోలేదు. నిరుడు వానలు లేవు, గెడ్డ పలచబడింది. ఎగువ తూములో మాత్రం పాదం మునిగే నీళ్ళు పోతున్నాయట. మా దిగువ తూములో రాయి తడుస్తోంది, అంతే. చెరుకు ఆకు చుట్టుకుపోతోంది. అమ్మని చూడ్డానికి ఎగువకి వెళ్ళినప్పుడల్లా పుట్టింటివాళ్ళ చెరుకు పచ్చగా ఉంటే చూసి సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

జనం ఊరుకుంటారా? సింగన్న చినమావ మీద పడ్డారు. ఎగువోళ్ళు రోజూ వేళకి అన్నం పెడుతున్నారు, తిని కళ్ళు మూసుకుంటున్నాడు, వాళ్ళు మన తూముకి బంకమట్టి కొడుతున్నారు అంటున్నారు. చినమావ సంగతి నీకు తెలియదా? పిల్లా జెల్లా లేని మనిషి. ఇంట్లో నేను గిన్నె కొంచెం గట్టిగా పెడితే ఏటమ్మా కోపమా అని అడిగే మనిషి. పన్నెండేళ్ళ నుంచీ ఆ రాయి మీదే కూర్చున్నాడు. ఒక్క మట్టిబెడ్డ ఎవర్నీ వెయ్యనివ్వలేదు.

ఇందులో మన అమ్మ చేసిన మేలు ఒకటుంది. మన ఇంటి వంతు రోజున కొరమీను పులుసు వండితే అమ్మ చినమావకి నడిమి ముక్క వేస్తుంది కదా. నాన్న ఉన్నప్పుడు నాన్నకి కూడా వెయ్యలేదు. అది చూసినవాళ్ళు ఇక్కడికొచ్చి చెప్పారు. ఊరికే ఎవరైనా నడిమి ముక్క వేస్తారా, ఏదో ఉంది అని. కోడలి పుట్టింటి కూడు అని నన్నూ కలుపుతున్నారు.

నువ్వు బేగి రా. నాలుగు రోజులు చాలు. ఆ తూము రాళ్ళు నాన్నా నువ్వూ మట్టం చూసే యంత్రం పెట్టి వేసినవే కాబట్టి నీ మాట రెండూళ్ళూ వింటాయి. గంగ కొలిచేవాడివి, గెడ్డ కొలవలేవా? రాళ్ళు సరిగ్గానే ఉన్నాయని, చినమావ తప్పేం లేదని ఒక్క మాట చెప్పి పో.

నీ అక్క
నూకరత్నం

*

పాక్సీ
2 ఏప్రిల్ 1997

అక్కా,

నీ ఉత్తరం పదిహేను రోజులకి అందింది. నాకు ఇప్పుడు సెలవు దొరకదు. మే నెలాఖరు దాకా ఎవరినీ కదలనివ్వరు. మార్చి పదకొండు నుంచి ఖాయంగా ఇంత నీరని పది రోజులు వాళ్ళ వంతు, పది రోజులు మన వంతు. వంతు మారినప్పుడల్లా అందరి కళ్ళూ మా అంకెల మీదే.

వంతెనకి స్తంభాల మధ్య పదిహేను ఖానాలు, సగానికి కిందంతా ఇసుక. నావలు నడిచిన చోట పుచ్చపాదులు పెట్టారు. మేం పొద్దున్నే కొలబద్ద దగ్గరికి నడిచి వెళుతుంటే పాదుల్లో పనిచేసేవాళ్ళు తల ఎత్తి చూస్తారు. వీళ్ళకి నేను ఎగువ మనిషిని. నిన్న ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. ఏమంది అని ఇద్రిస్ మియాని అడిగితే, నీళ్ళు ఎప్పుడు వదులుతావని అడుగుతోంది అన్నాడు. నా చేతిలో ఏముంది అక్కా? నేను చదివేవాణ్ణే కదా.

మీ నీళ్ళ సంగతికొస్తే, నాకు తోచింది చెబుతాను. కాలువ పూడిపోయి ఉంటుంది. తూము నుంచి ఊరిదాకా మైలున్నర. అంత మేరా పూడిక తీయించమని బావతో చెప్పు. నీళ్ళు వాటంతట అవే వస్తాయి. రాళ్ళ సంగతి ఇప్పుడు కదపకండి. అవి యంత్రం పెట్టి వేసినవి.

సింగన్న మావని దిగులు పడొద్దని చెప్పు.

తాతాజీ

*

దిగువ రాచపాడు
20 మే 1997

తాతాజీకి,

నీ ఉత్తరం మీ బావ రామకోవెల అరుగు మీద ఊరందరికీ చదివి వినిపించాడు. చదువుకున్నవాడు చెప్పాడు కదా అని ఇంటికొక మనిషి చొప్పున ఎనిమిది రోజులు కాలువలోకి దిగారు. నేనూ మట్టి మోశాను. అద్దంలా తీశారు. నీళ్ళు రాలేదు.

అప్పుడు మా పక్కింటి గున్నమ్మ మామగారు లేచి నీ ఉత్తరం మళ్ళీ చదవమన్నాడు. చదివాక ఆయన అన్నది నీకు రాస్తాను, విను. "కాలవ బాగుంది. రాయి మిసను పెట్టి ఏసింది, ఆ బాబే రాసేడు. ఇంక బాగోనిదేటి? మడిసే గదా."

తమ్ముడూ, నీ కాగితమే చినమావ మీద సాక్ష్యం అయింది.

చినమావ కాపలా కర్ర తెచ్చి అరుగు మీద పెడితే తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి మీ బావే తీసుకున్నాడు, సొంత చినాన్న దగ్గరనుంచి. మర్నాడు పొద్దున చినమావ పంచెలు రెండు మూటకట్టుకుని నక్కపల్లి దగ్గర ఎవరిదో జీడితోట కాపలాకి వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర నాతో, "మీ యమ్మకి సెప్పమ్మా, నేనేటీ ముట్టలేదని," అన్నాడు. ముట్టలేదంటే లంచం అని. ఈ వయసులో ఆయన నోటంట ఆ మాట రావాలా?

నువ్వు నాలుగు రోజులు వచ్చి ఉంటే ఇదంతా జరిగేది కాదు. మీ ఆవిడ వద్దందా? చుట్టాల తగువుల్లో తల పెట్టొద్దని చెప్పిందా? పోనీలే. పెద్ద నది కొలిచేవాడికి మా గెడ్డ ఆనుతుందా?

నూకరత్నం

*

పాక్సీ
15 ఫిబ్రవరి 1998

అక్కా,

నీ ఉత్తరానికి తొమ్మిది నెలలు బదులు రాయలేదు. మళ్ళీ ఈ వంతెన కిందికే వేశారు. మా ఆవిడకి ఈ సంగతి ఒక్క ముక్క తెలియదు. ఆమెని ఏమీ అనకు.

మొన్న ఇద్రిస్ మియా ఇంటి నుంచి టిఫిన్ క్యారియర్ తెచ్చాడు. అందులో చేప. తన గిన్నెలోంచి మంచి ముక్క తీసి నా అన్నం మీద వేశాడు. మా ఊరికొచ్చినవాడివి, తిను అన్నాడు. నేను చెయ్యి కడిగేసుకున్నాను. జ్వరమా అని నుదురు పట్టుకుని చూశాడు. ఇక దాచలేను అక్కా, చెబుతున్నాను.

ఎనభై నాలుగులో తుఫానుకి వాటారాయి కొట్టుకుపోయింది గుర్తుందా? నేను అప్పుడే విశాఖలో సర్వే కోర్సు పూర్తి చేసి వచ్చాను. కాంట్రాక్టరు దగ్గర యంత్రం అడిగి తెచ్చాను. తూముకొక గడపరాయి, రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ముందురోజు నాన్న నన్ను పక్కకి పిలిచి, దిగువ తూము రాయి రెండు వేళ్ళు ఎత్తుగా వెయ్యమన్నాడు. గెడ్డ నిండుగా ఉన్నప్పుడు రెండు వేళ్ళు ఎవరికీ తెలియదు, ఎద్దడి వచ్చినప్పుడు మన ఊరు బతుకుతుంది అన్నాడు. మన ఇంటి పాత పెంకులు ముక్కలు చేసి ఆ రాయి కింద పరిచాం. మర్నాడు రెండూళ్ళవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. నేను యంత్రంలోంచి చూసి అంకె పైకి చదివాను. రెండు రాళ్ళకీ ఒకే అంకె చదివాను. యంత్రంలోకి తొంగిచూడ్డం వాళ్ళకెవరికీ రాదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. నిజం చెప్పాలంటే ఆ చప్పట్లకి గర్వపడ్డాను.

రెండు నెలలకే నీకు ఆ ఊరి సంబంధం వచ్చింది. నాన్నా, అక్క ఆ ఊరే వెళుతోంది, రాయి తీసేద్దాం అన్నాను. ఇప్పుడు తీస్తే ముందెందుకు పెట్టారని అడుగుతారు, పెళ్ళి ఆగిపోతుంది అన్నాడు. ఆ తరవాత ఎప్పుడు తీద్దామన్నా అదే మాట. ఆయన పోయాక ఆ మాట నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

అమ్మకి తెలుసు. నేనే చెప్పాను. ఆ ఏడాది నుంచే సింగన్న మావకి నడిమి ముక్క వెయ్యడం మొదలుపెట్టింది. మనం చేసినదాని మీద కూర్చుని ఆయన మనకి కాపలా కాశాడు, మన ఇంటికొచ్చి ఆ ముక్క తిని అమ్మ చేతివంట మెచ్చుకున్నాడు. చివరికి అదే ఆయన తప్పు అయింది.

నిరుడు పూడిక తియ్యమని రాసినప్పుడు నాకు అంతా తెలుసు. తెలిసే మీ ఊరివాళ్ళ చేత ఎనిమిది రోజులు మట్టి మోయించాను. నీ చేత కూడా.

ఈ ఉత్తరం రామకోవెల అరుగు మీద చదివించు. ఎగువలోనూ చదివించు. నాకు మొహం చెల్లదు, అందుకే కాగితం పంపిస్తున్నాను. ఇది కూడా పిరికితనమే, తెలుసు.

తాతాజీ

*

దిగువ రాచపాడు
11 ఏప్రిల్ 1998

చిరంజీవి తాతాజీకి అక్క రాసేది.

మేం కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఆయుర్వేదం మందు వాడుతోంది. నిరుడుకన్నా వానలు పరవాలేదు, చెరుకు బతికింది. బలిఘట్టం తీర్థానికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చాం.

నువ్వు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం వచ్చింది కానీ, పోస్టుమాన్ సైకిలు గెడ్డలో పడిందట. సిరా అంతా కారిపోయి ఒక్క ముక్క చదవలేకపోయాం. ఏదైనా ముఖ్యమైన సంగతి అయితే మళ్ళీ రాయి.

నూకరత్నం

*

ఫరక్కా
6 జూన్ 1998

అక్కా,

నీ కార్డు అందింది. ఆ ఉత్తరంలో ముఖ్యమైనదేమీ లేదు. క్షేమ సమాచారాలే.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. అమ్మని జాగ్రత్తగా చూసుకో.

తాతాజీ

*

దిగువ రాచపాడు
22 ఏప్రిల్ 2001

తాతాజీకి,

దసరాకి దసరాకి కార్డు ముక్క తప్ప మనం ఉత్తరాలు రాసుకుని మూడేళ్ళు అవుతోంది. ఇది పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు.

నీ ఉత్తరం తడవలేదు. పోస్టుమాన్ సైకిలు ఎక్కడా పడలేదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పెసల డబ్బాలో అడుక్కి దాచాను. మళ్ళీ రాస్తావేమో చూశాను. ఇంకోసారి రాస్తే అప్పుడు చదివిద్దాం అనుకున్నాను. క్షేమ సమాచారాలే అని రాశావు. ఆ కార్డు చూసి నీమీద అసహ్యం వేసింది. కానీ లోపల హమ్మయ్య అనుకున్నాను. అందుకు నామీద నాకు ఇంకా అసహ్యం వేసింది. ఆ ఇంటి ఆడపిల్లని ఈ ఊళ్ళో ఎలా బతకాలిరా? బిందె పట్టుకుని బావికి ఎలా వెళ్ళాలి? అలా అనుకుంటూ మూడేళ్ళు ఒక ముసలాయన్ని జీడితోటలో వదిలేశాను.

పోయిన నెల నక్కపల్లి పక్కనే ఉపమాక దేవుడి కల్యాణానికి వెళ్ళాం. మీ బావ తీర్థంలో ఉంటే నేను ఒక్కదాన్నీ ఆటో ఎక్కి చినమావ దగ్గరికి వెళ్ళాను. తాటాకు పాక. ఒక్కటే పళ్ళెం ఉంటే కడిగి నాకు అన్నం పెట్టి, తను తరవాత తింటానన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. అంతా చెప్పేశాను. నాన్న, నువ్వు, పెంకులు, అంకె, అన్నీ.

ఆయన ఏమన్నాడో తెలుసా? "ఆ మాట నా సెవినెయ్యకమ్మా. ఆ ఇంట్లో పన్నెండేళ్ళు అన్నం తిన్నాను. అలాటి పని సెయ్యరు. తాతాజీ బాబు సిన్నోడు, ఏదో పొరపడి ఉంటాడు." నమ్మలేదురా. తనని దొంగ అన్నా ఊరుకున్నాడు గానీ మన ఇంటిని అంటే ఊరుకోలేదు. ఉత్తరం తీసి చూపించబోతే, ఒగ్గీ అమ్మా, బేగి ఎల్లు, సీకటి పడిపోతాది అన్నాడు.

ఆ మాట విన్నాక ఇక డబ్బాలో దాచడం నా వల్ల కాలేదు. ఇంటికొచ్చి ముందు మీ బావ చేతిలో పెట్టాను. చదివి కాగితం తిరిగి ఇచ్చేసి పొలానికి వెళ్ళిపోయాడు. పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండును. పన్నెండో రోజు తనే రెండూళ్ళ పెద్దల్నీ వాటారాయి దగ్గరికి పిలిచాడు. తననే చదవమంటే, నేను చదవను, మీ ఇంటి కాగితం, నువ్వే చదువు అన్నాడు.

చదివాను. ఎగువవాళ్ళు కొందరు ఇదంతా అత్తవారి కోసం కల్పించిన కాగితం అన్నారు. చచ్చినవాణ్ణి అంటున్నావు, సిగ్గులేదా అన్నారు. అప్పుడు అమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని లేచి, "నిజమే. పెంకులు మా ఇంటియ్యే. రాయి ఎత్తి సూడండి," అంది. అంతే. మళ్ళీ కూర్చుని కొంగు మొహానికి కప్పుకుంది. ఇంటికి తీసుకెళ్ళేదాకా తియ్యలేదు.

గునపాలు వేసి ఎత్తారు. కింద ఎర్రగా పెంకు ముక్కలు. ఈసారి యంత్రం వద్దన్నారు. తాపీమేస్త్రీలు పట్టే నీళ్ళ గొట్టం తెచ్చి, ఒక కొస ఎగువవాళ్ళు, ఒక కొస దిగువవాళ్ళు పట్టుకుని మట్టం చూసి వేశారు. గున్నమ్మ మామగారు అన్నాడు, "మిసను అబద్దం సెప్పలేదు. సదివినోడు సెప్పేడు." ఆ ముసలాయనే చినమావ మీద ఆ నింద వేసింది. మీ బావతో కలిసి నక్కపల్లి వెళ్ళి ఆయనే పిలుచుకొచ్చాడు.

చినమావ వచ్చాడు. రాయి దగ్గర గట్టు మీద పడి ఉన్న పెంకు ముక్క ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. మన ఇంటి చూరు కింద పన్నెండేళ్ళు కూర్చుని అన్నం తిన్న మనిషి కదా, ఆ పెంకు గుర్తుపట్టాడు. ముక్కని మళ్ళీ అక్కడే పెట్టి కూర్చుండిపోయాడు. నేను కాళ్ళ మీద పడితే, నువ్వు చెప్పినరోజే నేను నమ్మవలసింది అన్నాడు. ఆయన తప్పట అది కూడా.

కర్ర మళ్ళీ ఆయనకే ఇచ్చారు. ఎగువలో ఎవరింట్లో తింటావో నువ్వే చెప్పు, ఆ ఇంట్లో అక్కర్లేదు అన్నారు. వంతు ప్రకారమే అన్నాడు. మొన్న శుక్రవారం మన ఇంటి వంతు వచ్చింది. అమ్మ పొద్దున్నే కొరమీను తెప్పించింది. నేనూ వెళ్ళాను. ఆకు ముందు కూర్చున్నాడు. అమ్మ గరిట పట్టుకుని నిలబడింది, చెయ్యి కదలడం లేదు. నడిమి ముక్క వేస్తే ఒక అర్థం, వెయ్యకపోతే ఒక అర్థం. ఆయన తల ఎత్తకుండా, "అందరికీ ఏసినట్టే ఏయ్ సెల్లెమ్మా," అన్నాడు.

అమ్మ తోక ముక్క వేసింది. తిన్నాడు. చేతివంట బాగుందని మాత్రం అనలేదు.

రెండూళ్ళవాళ్ళూ నిన్ను రమ్మంటున్నారు. కొలవడానికి కాదు. వచ్చి నిలబడమంటున్నారు.

నీ అక్క
నూకరత్నం

*

పాక్సీ
14 మే 2001

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు అబద్ధం రాశావని నాకు కోపం రాలేదు. తడిసిందని నువ్వు రాసిన రోజు నేనూ హమ్మయ్య అనుకున్నాను. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను కూడా. ఇద్దరం ఒక్క కడుపున పుట్టినవాళ్ళమే.

అమ్మని నిలబెట్టి అందరి ముందూ ఆ మాట అనిపించింది నేనే. ఆ కొంగు నా మూలంగానే కప్పుకుంది. ఏం రాసినా అది తీరదు.

జూన్ మూడో తేదీకి తునిలో రైలు దిగుతాను. ఎవరూ స్టేషనుకి రావద్దు. నేరుగా వాటారాయి దగ్గరికే వస్తాను, ఇంటికి తరవాత. సింగన్న మావ మాట్లాడకపోయినా పరవాలేదు, ఆయన కాపలా ముగిసేదాకా పక్కన నిలబడతాను. బావకి నేను విడిగా రాయను. ఆయన మొహం చూసే చెబుతాను.

నిన్న ఇద్రిస్ మియాకి అంతా చెప్పాను. ఇన్నేళ్ళుగా మన వాటారాయి గురించి ఆయన తన వాళ్ళందరికీ గొప్పగా చెబుతున్నాడు, ఆ కథ ఆయన దగ్గర అలాగే ఉండనివ్వడం ఇంకో అబద్ధం అనిపించింది. ఆయన విన్నాడు. మధ్యాహ్నం ఎప్పటిలాగే టిఫిన్ క్యారియర్ విప్పి నాకు అన్నం పెట్టాడు.

ఇవాళ పొద్దున కొలబద్ద దగ్గరికి వెళ్ళాం. నాలుగేళ్ళలో ఏనాడూ మా అంకెలు తేడా రాలేదు. ఈమధ్య ఆయనకి చూపు మందగించి, నేను చదివింది విని తనూ అదే రాసుకునేవాడు. ఇవాళ నేను చదివాక కలం తియ్యలేదు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని పెట్టుకున్నాడు. పంచె మడిచి, నా భుజం పట్టుకోకుండా, ఒక్కడే నీళ్ళలోకి దిగాడు. నేను పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చాను.

తాతాజీ